మైనస్ గుర్తు ఎటు చూస్తోంది?

"ఫార్ములాలన్నీ వచ్చు సార్, బిట్లే తప్పుతున్నాయి" అని రాశావు. నోట్సు ఫొటోలు కూడా పెట్టావు, మంచి పని చేశావు. జవాబు ఒక్కటే పంపి ఎక్కడ తప్పానో చెప్పమంటే నేను జాతకం చెప్పాల్సి వచ్చేది. నీలాంటి ఇబ్బందే ఉన్న ఇంకెవరైనా చదువుకుంటారని ముందు నీ లెక్కల్ని ఇక్కడ రాస్తాను.

మొదటిది: 25 మీటర్ల ఎత్తున్న మేడ మీంచి బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. నేలకి చేరడానికి ఎంతసేపు? గురుత్వ త్వరణం జి విలువ 10. నీ జవాబు 1 సెకను. రెండోది: నది వెడల్పు 600 మీటర్లు, ప్రవాహం సెకనుకు 3 మీటర్లు, నిలకడ నీటిలో పడవ వేగం సెకనుకు 5 మీటర్లు. అతి తక్కువ సమయంలో అవతలి ఒడ్డు చేరాలంటే ఎంతసేపు? నీ జవాబు 103 సెకన్లు. మూడోది: ఎలక్ట్రాన్ తూర్పు వైపు పోతోంది, అయస్కాంత క్షేత్రం ఉత్తర దిశలో ఉంది. దాని మీద బలం ఎటు? నీ జవాబు పైకి. వీటి కింద ఒక సందేహం: లెంజ్ నియమంలో (అయస్కాంతం కదిలితే తీగచుట్టలో పుట్టే విద్యుత్తు ఎటు పారుతుందో చెప్పేది) ఆ మైనస్ ఎందుకు, తీసేస్తే కొంపలేం మునుగుతాయి అని.

ఇరవై ఏడేళ్లుగా ఇంటర్ పిల్లలకి ఈ సబ్జెక్టే చెబుతున్నాను. నీ మూడు లెక్కల్లోనూ గుణకారాలు, భాగహారాలు ఒక్కటీ తప్పు లేవు. మూడు చాప్టర్లలో మూడు తప్పులు అనుకుంటున్నావు గానీ, అన్ని చోట్లా తప్పు ఒక్కటే. "ఎంత" అన్నది నీకు వచ్చు, "ఎటు" అన్నది చేతిలోంచి జారిపోతోంది.

బంతి సంగతి చూద్దాం. "ఎస్ ఈక్వల్‌టు యూటీ ప్లస్ హాఫ్ ఏటీ స్క్వేర్" రాసి, వెంటనే 25 = 20టి + 5టి² అని వేసేశావు. అందులోంచి టి విలువ 1 వచ్చింది. పెన్ను పక్కన పెట్టి బంతిని ఒక్క క్షణం ఊహించుకో. 20 మీటర్ల వేగంతో పైకి వెళ్లింది. సెకనుకి 10 చొప్పున వేగం తగ్గుతుంది కాబట్టి ఆగడానికే 2 సెకన్లు కావాలి. ఇంకా పైకి పోతూనే ఉన్న బంతి 1 సెకనుకే నేల మీద ఎలా పడుతుంది?

మరి ఆ 1 ఎక్కడిది? సరదా అయిన సంగతి ఇక్కడే ఉంది. అదే మేడ మీంచి అదే బంతిని 20 మీటర్ల వేగంతో కిందికి విసిరితే సరిగ్గా 1 సెకనుకి నేల తాకుతుంది. నువ్వు చేసిన లెక్క తప్పు కాదు తల్లీ, వాళ్లు అడగని ప్రశ్నకి సరైన జవాబు. వేగం, త్వరణం, స్థానభ్రంశం మూడింటికీ ప్లస్సే పెట్టావు. మూడూ ఒకే వైపు చూస్తున్నాయని సమీకరణానికి నువ్వే చెప్పావు. అది నీ మాట నమ్మి, బంతిని కిందికి విసిరేసింది.

ఇప్పుడు పైవైపు ప్లస్ అని నిర్ణయించుకుని, నోట్సులో ఒక నిలువు బాణం గీసి పక్కన ప్లస్ గుర్తు వెయ్యి. విసిరిన వేగం పైకి, అంటే +20. గురుత్వం కిందికి, అంటే −10. బంతి బయల్దేరింది మేడ పైనుంచి, చేరింది 25 మీటర్ల కిందకి. కాబట్టి స్థానభ్రంశం −25. మధ్యలో ఎంత పైకి ఎగిరి వచ్చిందన్నది స్థానభ్రంశానికి అక్కర్లేదు, మొదలూ చివరా తెలిస్తే చాలు. −25 = 20టి − 5టి². సర్దితే టి² − 4టి − 5 = 0. మూలాలు 5, −1. జవాబు 5 సెకన్లు.

ఆ −1ని పిల్లలందరూ గీత కొట్టేసి "కాలం రుణాత్మకం కాదు" అని రాస్తారు. మార్కులకి అది చాలు. కానీ అదేం చెత్త కాదు. బంతిని మేడ మీంచి కాకుండా, ఒక సెకను ముందే నేల మీంచి 30 మీటర్ల వేగంతో విసిరారనుకో. సెకను గడిచేసరికి అది సరిగ్గా 25 మీటర్ల ఎత్తులో, 20 మీటర్ల వేగంతో పైకి పోతూ ఉంటుంది. అంటే నీ మేడ దగ్గర నీ బంతిలాగే ఉంటుంది. మేడ మీద మనిషి ఉన్నాడో లేడో సమీకరణానికి తెలియదు, అందుకే ఈ బంతి నేల మట్టంలో ఎప్పుడెప్పుడు ఉండగలదో రెండు సమయాలూ చెప్పింది. నేలకి తిరిగొచ్చేటప్పుడు వేగం 20 − 50, అంటే −30. వెళ్లినప్పుడు 30, వచ్చినప్పుడు −30. వడి అదే, దిక్కు మారింది.

నీ నోట్సు అంచున "పైకి పోతే మైనస్ జి, కిందికొస్తే ప్లస్ జి" అని ఎర్ర ఇంకుతో రాసి ఉంది. ఎవరు చెప్పారో అడగను. ఏటా సగం క్లాసు ఈ సూత్రం పట్టుకుని నా దగ్గరికి వస్తుంది. ప్రయాణం అంతా ఒకే వైపు ఉన్నంత వరకు అది పని చేస్తుంది. బంతి పైకీ వెళ్లి కిందికీ వచ్చే లెక్కలో ఏ జి వెయ్యాలో తెలియక చేతులెత్తేస్తుంది. గురుత్వ త్వరణం బంతి ఎటు పోతోందో చూసి దిక్కు మార్చుకోదు. పైకి పోతున్నా, కొసన ఆగినా, కిందికి పడుతున్నా అది కిందికే లాగుతుంది, అంతే బలంగా. కొసన వేగం సున్నా కాబట్టి త్వరణం కూడా సున్నా అనుకునేవాళ్లు చాలామంది. అదే నిజమైతే బంతి అక్కడే వేలాడాలి. గుర్తు వచ్చేది నువ్వు గీసిన బాణాన్ని బట్టి. కిందికి ప్లస్ అనుకుని చేసినా 5 సెకన్లే వస్తుంది, చేసి చూసుకో. ఒకే లెక్కలో మధ్యలో బాణం తిప్పకూడదు, షరతు అదొక్కటే.

తెలుగు మీడియం నుంచి వచ్చావు కాబట్టి ఒక పక్కమాట. మన పాఠ్యపుస్తకం వడి, వేగం అని రెండు మాటలు వాడుతుంది. దిక్కు లేనిది వడి, దిక్కుతో ఉన్నది వేగం. కానీ ఇంట్లో, పేపర్లో, బస్సులో రెండింటికీ వేగమే అంటాం, "గంటకి ఎనభై వేగంతో వెళ్తోంది" అంటాం. తప్పు పట్టడానికేం లేదు, వాడుక అలాంటిది. పరీక్ష హాల్లో కూర్చున్నాక మాత్రం వేగం అన్న మాట కనబడితే "ఎటు?" అని అడగడం అలవాటు చేసుకో. ఇలా దిక్కుతో ఉన్న రాశిని సదిశ అంటాం, ఆ మాటలోనే దిశ ఉంది చూడు. అంత చక్కటి మాటని బట్టీ పట్టి పక్కన పెట్టేస్తాం.

నది లెక్క నాకు ఇష్టమైన లెక్క. చిన్నప్పుడు నరసాపురం నుంచి సఖినేటిపల్లి రేవుకి వశిష్ఠ గోదావరి దాటేవాళ్లం. పడవ నడిపే సరంగు అవతలి రేవుకి సూటిగా ముక్కు పెట్టేవాడే కాదు. వరద నీళ్ల రోజుల్లోనైతే ఎక్కడో ఎగువనున్న కొబ్బరి చెట్ల వైపు పెట్టేవాడు. దారి తప్పాడేమోనని మొదటిసారి భయమేసింది. పడవ ముక్కు ఒక వైపు, పడవ పోయేది ఇంకో వైపు. చివరికి రేవులోకే వచ్చి ఆగింది. ఆయన ఏ సైన్ తీటా చదువుకోలేదు గానీ, రెండు వేగాల్ని కలిపితే మూడోది ఎటు పోతుందో ఆయన చేతికి తెలుసు.

నువ్వేం చేశావు? పడవ వేగం 5 అడ్డంగా, ప్రవాహం 3 దిగువకి, రెండూ లంబంగా ఉన్నాయి కాబట్టి ఫలితం వర్గమూలం 34, సుమారు 5.83. ఇక్కడి వరకు బంగారంలా ఉంది. తర్వాత 600ని 5.83తో భాగించావు. దెబ్బ తిన్నది అక్కడ. 600 మీటర్లన్నది ఒడ్డు నుంచి ఒడ్డుకి తిన్నగా ఉన్న దూరం. 5.83 అన్నది ఏటవాలుగా పోతున్న వేగం. ఒక దిక్కులో ఉన్న దూరాన్ని ఇంకో దిక్కులో ఉన్న వేగంతో భాగించావు. ఏటవాలు దారి పొడవు కావాలంటే అది 600 కాదు, దాదాపు 700 మీటర్లు. ఆ 700ని 5.83తో భాగిస్తే 120 సెకన్లు. అంత తిరుగుడు అవసరమే లేదు. నది దాటించేది పడవకున్న అడ్డం వేగం ఒక్కటే, అంటే 5. 600ని 5తో భాగిస్తే 120 సెకన్లు. ప్రవాహం ఎంతున్నా ఆ సమయం మారదు, ఎందుకంటే ప్రవాహం అవతలి ఒడ్డు వైపు ఒక్క అంగుళం కూడా తొయ్యదు. అది చేసేది దిగువకి ఈడ్చడమే. 120 సెకన్లలో 360 మీటర్లు ఈడుస్తుంది.

సరంగు చేసేది వేరే పని. ఆయనకి తొందర లేదు, రేవు కావాలి. 5లో 3 భాగాన్ని ప్రవాహానికి ఎదురు పెడతాడు. అంటే ముక్కుని దాదాపు 37 డిగ్రీలు ఎగువకి తిప్పుతాడు. అడ్డంగా మిగిలేది 4 (25 − 9కి వర్గమూలం). 150 సెకన్లకి ఎదురు రేవులో ఉంటాడు. "తక్కువ సమయం", "తక్కువ దూరం" అన్న రెండు మాటల దగ్గరే ఈఏపీసెట్ (పాత ఎంసెట్) పేపర్ సెట్ చేసేవాళ్లు వల వేస్తారు. ప్రశ్నలో ఏది అడిగారో గీత గీసి చదువు.

ఇదే లెక్క శ్రీహరికోటలో ప్రతి రాకెట్ ప్రయోగానికీ జరిగే పని. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది కదా, ఆ అక్షాంశం దగ్గర నేల సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగంతో తూర్పుకి పోతోంది. నిలబడి ఉన్న రాకెట్టుకి కూడా ఆ వేగం ఉన్నట్టే. తూర్పుకి వదిలితే అది ఊరికే వచ్చి కలుస్తుంది, ప్రవాహం వెంట పడవ పోయినట్టు. తూర్పు తీరాన్ని ఎంచుకోవడంలో ఇదొక లాభం, ముందు బంగాళాఖాతం తప్ప జనం లేకపోవడం ఇంకొకటి. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలకి మాత్రం రాకెట్టు దక్షిణానికి పోవాలి. అప్పుడు ఈ తూర్పు వేగం అడ్డం వచ్చే ప్రవాహమే, సరంగులాగా దానికి ఎదురు పెట్టాలి. పైగా దక్షిణాన శ్రీలంక ఉంది. దాని మీదుగా పోకుండా పీఎస్ఎల్వీ రాకెట్టు ముందు ఆగ్నేయంగా వెళ్లి, తర్వాత మలుపు తిరుగుతుంది. సదిశని మధ్యలో తిప్పాలంటే ఇంధనం కాల్చాలి, అంత మేర ఉపగ్రహం బరువు తగ్గించుకోవాలి. తమిళనాడులో కులశేఖరపట్నం దగ్గర రెండో కేంద్రం కడుతున్నది ముఖ్యంగా ఈ మలుపు తప్పించుకోవడానికే. 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది.

ఇక ఎలక్ట్రాన్. దీన్ని తప్పు చెయ్యనివాళ్లు తక్కువ, సిగ్గు పడకు. వేగం తూర్పుకి, క్షేత్రం ఉత్తరానికి. కుడిచేతి వేళ్లని తూర్పుకి చాపి, అక్కడినుంచి ఉత్తరం వైపు ముడువు. బొటనవేలు ఆకాశం చూపిస్తుంది. అది ధనావేశానికి. ఎలక్ట్రాన్‌ది రుణావేశం కాబట్టి తిరగెయ్యాలి, బలం కిందికి. నీ జవాబు ప్రోటాన్‌కైతే సరిపోయేది. చూశావా, మళ్లీ అదే కథ, వేరే ప్రశ్నకి సరైన జవాబు.

ఈ తిరగెయ్యడం పిల్లలకి చిరాకు. దీనికో చరిత్ర ఉంది. విద్యుత్తులో ప్లస్ ఏది, మైనస్ ఏది అన్నది 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కాలంలోనే ఖాయం చేసేశారు, తీగలో అసలు ఏది కదులుతోందో తెలియకుండానే. జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ని పట్టుకున్నది 1897లో. అప్పటికి పుస్తకాలన్నీ రాసేశారు. కదిలేదేమో మైనస్ అని తేలింది. ఆ అప్పు ఇప్పటికీ మనం తీరుస్తున్నాం.

ఇన్విజిలేషన్ చేస్తూ నేను గమనించిన సంగతి ఒకటి. ఈ బిట్టు వచ్చినప్పుడు హాలంతా చేతులు తిప్పుతుంది, చూడ్డానికి నాట్యం క్లాసులా ఉంటుంది. కానీ కుడిచేతిలో పెన్ను ఉంటుంది కదా! సగం మంది పెన్ను వదలకుండా, ఖాళీగా ఉన్న ఎడమచేతితో కుడిచేతి నిబంధన వేస్తారు. జవాబు ఖచ్చితంగా తిరగబడుతుంది. పెన్ను బల్ల మీద పెట్టు. ఫ్లెమింగ్ ఎడమచేయి, ఫ్లెమింగ్ కుడిచేయి, మర నిబంధన, ఇవన్నీ నేర్చుకుని ఏది ఎప్పుడో మరిచిపోయే కన్నా, కుడిచేతి వేళ్లు ముడిచే ఒక్క పద్ధతి పట్టుకో. బలం లెక్కలన్నింటికీ అదే సరిపోతుంది.

బలం వేగం వెంటా కాదు, క్షేత్రం వెంటా కాదు, రెండింటికీ అడ్డంగా ఉంటుందన్నది మొదట్లో పెద్దవాళ్లకే మింగుడు పడలేదు. 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ కోపెన్‌హాగెన్‌లో విద్యుత్తు పారుతున్న తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలడం చూశాడు. ముల్లు తీగ వైపు లాగబడలేదు, దూరంగా నెట్టబడలేదు, అడ్డంగా తిరిగింది. అప్పటి వరకు తెలిసిన గురుత్వమూ, ఆవేశాల మధ్య బలమూ రెండు వస్తువుల్ని కలిపే గీత వెంటే పని చేసేవి. ఈ అడ్డం తిరుగుడిని సూటిగా చెప్పడానికే మనకి సదిశా లబ్ధం (రెండు సదిశల్ని గుణిస్తే రెండింటికీ లంబంగా వచ్చే మూడో సదిశ) పనికొస్తోంది. ఇప్పుడు మనం రాసే సదిశల రాత గిబ్స్, హెవిసైడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల చలవ, 19వ శతాబ్దం చివర్లో.

నీ మూడో లెక్కలో అంకెలు వేస్తే ఇంకా బావుంటుంది. మన తెలుగు నేలల మీద భూమి అయస్కాంత క్షేత్రం దాదాపుగా ఉత్తరానికే, నేలకి సమాంతరంగా సుమారు 40 మైక్రోటెస్లా ఉంటుంది. సెకనుకు 10 లక్షల మీటర్ల వేగంతో ఎలక్ట్రాన్ తూర్పుకి పోతోందనుకో. ఆవేశం (ఈ), వేగం (వీ), క్షేత్రం (బీ) మూడూ గుణిస్తే బలం 6.4 × 10⁻¹⁸ న్యూటన్లు. ఎలక్ట్రాన్ బరువు సుమారు 9 × 10⁻³⁰ న్యూటన్లు. బలం బరువుకి దాదాపు 70 వేల కోట్ల రెట్లు! ఈ చాప్టర్‌లో గురుత్వాన్ని ఎందుకు పట్టించుకోరో ఇప్పుడు తెలిసింది కదా. అది తిరిగే వృత్తం వ్యాసార్థం, ద్రవ్యరాశి, వేగాల లబ్ధం ఎంవీని ఈబీతో భాగిస్తే 14 సెంటీమీటర్లు వస్తుంది. శూన్యంలో వదిలితే మన భూమి క్షేత్రమే దాన్ని అన్నం పళ్లెమంత వృత్తంలో తిప్పేస్తుంది. తిప్పుతుందే గానీ వడి పెంచదు, తగ్గించదు. బలం ఎప్పుడూ వేగానికి లంబంగా ఉంటే చేసే పని సున్నా. వడి అలాగే ఉండి వేగం మారుతూ ఉండడం అంటే ఇదే.

పాత డబ్బా టీవీ చూసిన తరానికి ఇది కళ్లతో చూసిన సంగతి. వెనక గొట్టంలోంచి ఎలక్ట్రాన్లు వచ్చి అద్దానికి కొట్టుకుంటే బొమ్మ. మా ఇంట్లో కలర్ టీవీ కొన్న వారానికే తమ్ముడు పాత స్పీకర్ అయస్కాంతం తెచ్చి తెర దగ్గర పెట్టాడు. వార్తలు చదివే ఆవిడ ముఖం ఒక పక్కకి సాగి ఆకుపచ్చగా అయిపోయింది. అయస్కాంతం తీసేశాక బొమ్మ నిటారుగా వచ్చింది గానీ, ఆ మూల రంగు మరక ఉండిపోయింది, తెర వెనక ఉన్న లోహపు జల్లెడ అయస్కాంతీకరణ చెందింది కాబట్టి. మెకానిక్ వచ్చి ఒక చుట్టలాంటిది తెర ముందు తిప్పితే పోయింది. తమ్ముడికి పడిన దెబ్బలకి మాత్రం దిక్కూ లేదు, లెక్కా లేదు.

లెంజ్ మైనస్ గురించి ఎక్కువ చెప్పను, పై మూడు అర్థమైతే ఇది దానంతటదే వస్తుంది. ఆ మైనస్ తగ్గడం గురించి కాదు, ఎదురు గురించి. అయస్కాంతం దగ్గరికొస్తుంటే చుట్టలో పుట్టే విద్యుత్తు దాన్ని నెట్టే వైపు పారుతుంది, దూరం పోతుంటే లాగే వైపు పారుతుంది. తీసేస్తే ఏమవుతుందన్నావు కదా. అప్పుడు చుట్ట దగ్గరికొచ్చే అయస్కాంతాన్ని ఇంకా లాగుతుంది, అది ఇంకా వేగంగా వస్తుంది, విద్యుత్తు ఇంకా పెరుగుతుంది, మళ్లీ లాగుతుంది. ఒక్కసారి వేలితో తోసి వదిలేస్తే ఊరంతటికీ కరెంటు ఇవ్వొచ్చు, బిల్లు లేకుండా. అలా జరగదు కాబట్టి అక్కడ మైనస్ ఉంది. వీలైతే మీటరు పొడవు మందపాటి రాగి పైపు నిలబెట్టి, అందులో దూరే చిన్న నియోడిమియం అయస్కాంతం వదిలి చూడు. మామూలుగా మీటరు పడడానికి అర సెకను కూడా పట్టదు. పైపులో మాత్రం నూనెలో దిగినట్టు తీరిగ్గా దిగుతుంది. రాగి అయస్కాంతాన్ని అంటుకోదని ముందే తాకించి చూపిస్తే, మీ ఇంట్లోవాళ్లు ఇంకోసారి వెయ్యమంటారు.

పరీక్షలో బాణాలు గీస్తూ కూర్చుంటే టైం సరిపోదని కూడా రాశావు. ఒక బాణం గీసి ప్లస్ పెట్టడానికి మూడు సెకన్లు. తప్పు గుర్తుతో వచ్చిన జవాబు ఆప్షన్లలో కూడా ఉంటుంది, అది కావాలనే పెడతారు. నీ 1 సెకను కూడా అక్కడే ఉంది కదా, అందుకే ధైర్యంగా గుండ్రం చుట్టేశావు.

నీకో పని. అదే నది, అదే పడవ, కానీ వరద వచ్చి ప్రవాహం 6 మీటర్లకి పెరిగింది. ఎదురు రేవుకి తిన్నగా చేరగలరా? చేరలేకపోతే, వీలైనంత తక్కువ దిగువకి కొట్టుకుపోవాలంటే ముక్కు ఎటు పెట్టాలి? లెక్క వేసి ఫొటో పంపు. బొమ్మ లేకపోతే మాత్రం నేను చూడను.